డ్రమ్ము తీసి డిస్కు వేస్తే

వాగు దాటి అవతలి గట్టెక్కగానే అనుభవమున్న జీపు డ్రైవరు బ్రేకు మీద కాలు ఆనించి కాసేపు నెమ్మదిగా నడుపుతాడు. లోపలికి చేరిన తడి ఆరాలి కదా. ముందు చక్రాలకు డిస్కులుంటే అవి కాసేపట్లోనే పట్టు అందుకుంటాయి. వెనక డ్రమ్ములు మాత్రం అంత తొందరగా తేరుకోవు. నీటితోపాటు ఒండ్రు కూడా పోయి ఉంటే, విప్పి కడిగేదాకా గరగర వినబడుతూనే ఉంటుంది. అడవిదారుల్లో, కొండల్లో బండి తిప్పేవాళ్ళలో చాలామందికి వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు బిగించుకోవాలన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. అక్కడితో ఆగితే పేచీ లేదు. డిస్కులు వేస్తే బండి ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందన్న ఆశ కూడా దాని వెంటే వస్తుంది. తడి, బురద సంగతి నిజమే. ఆగే దూరం సంగతి మాత్రం లెక్క వేసి చూసుకోవాలి. వేసి చూస్తే, తీసి పారేయబోతున్న డ్రమ్ములో మనం గుర్తించని బలం ఒకటి బయటపడుతుంది.

ఈ మార్పిడి బాగా చలామణిలో ఉన్నది అమెరికాలో, అందులోనూ పాత జీప్ చెరోకీల మీద. 1984 నుంచి 2001 దాకా అక్కడ తయారైన ఎక్స్‌జే చెరోకీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. చివరి బండి దాకా అంతే. అదే కంపెనీ పెద్ద బండి గ్రాండ్ చెరోకీకి, 1993–98 నాటి జెడ్‌జే మోడలులో, కంపెనీయే వెనక కూడా డిస్కులు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండు బండ్ల వెనక హౌసింగు కొసల్లో బ్యాకింగ్ ప్లేటు బిగించే నాలుగు బోల్టుల అమరిక ఒకే తీరు. చక్రం బిగించే అయిదు బోల్టుల వలయం కూడా ఒకటే, 114.3 మి.మీ. ఇంకేముంది, తుక్కు యార్డులో పడివున్న గ్రాండ్ చెరోకీ వెనక భాగాలు చెరోకీకి వలసపోయాయి. ఇంకొందరు ఆ తంటా కూడా లేకుండా 1995–2001 నాటి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరరు వెనక యాక్సిల్‌ను డిస్కులతో సహా పెకిలించి తెచ్చి వెల్డింగు చేయించుకుంటారు. దానికీ చక్రం బోల్టుల కొలత అదే కావడం వాళ్ళ అదృష్టం.

ముందు డ్రమ్ము ఊడదీసి చూద్దాం. చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప డొల్ల అది. ఎక్స్‌జేల్లో ఎక్కువ వాటికి లోపలి వ్యాసం 9 అంగుళాలు, అంటే 229 మి.మీ. లోపల, తిరగని బ్యాకింగ్ ప్లేటు మీద రెండు వంపు తిరిగిన షూలు. వాటి వెలుపలి అంచుకు లైనర్లు. పైన రెండు వైపులా పిస్టన్లున్న చిన్న వీల్ సిలిండరు, దాని మీద షూలు ఆనుకునే లావుపాటి యాంకర్ పిన్ను. కింద రెండు షూలను కలుపుతూ పళ్ళచక్రం ఉన్న అడ్జస్టరు. వీటన్నిటినీ వెనక్కి లాగి పట్టుకోవడానికి గట్టి స్ప్రింగులు. విప్పేటప్పుడు చేయి జారిందంటే ఆ స్ప్రింగు షెడ్డులో ఏ మూలకు ఎగిరిపడుతుందో చెప్పలేం. జాగ్రత్తగా చూస్తే బండి ముందు వైపున్న షూ లైనరు పొట్టిగా, వెనక వైపుది పొడుగ్గా ఉంటుంది. రెండూ తారుమారు చేసి బిగించినా బండి నడుస్తుంది, ఆగుతుంది కూడా, కానీ బ్రేకు మునుపటిలా పట్టదు. ఈ పొట్టి పొడుగుల తేడా ఎందుకో తెలిస్తే డ్రమ్ము కిటుకు సగం తెలిసినట్టే.

చేతికర్రను ముందుకు చాపి, కొసను నేలకు ఆనించి నడవబోతే అది నేలలో గుచ్చుకుని మనల్నే నిలేస్తుంది. అదే కర్రను వెనక్కి వాల్చి ఈడిస్తే తేలిగ్గా జారుతూ వస్తుంది. కర్ర అదే, నేల అదే, ఒరిపిడి అదే. వాలిన దిక్కు ఒక్కటే తేడా. డ్రమ్ములో ముందు షూ పరిస్థితి మొదటి కర్ర లాంటిది. పిస్టను దాన్ని డ్రమ్ముకు ఒత్తగానే, తిరుగుతున్న డ్రమ్ము ఆ షూను తనతో లాక్కుపోవాలని చూస్తుంది. ఆ లాగుడే షూను ఇంకా గట్టిగా గోడకు ఒత్తేస్తుంది. ఒత్తిడి పెరిగితే ఒరిపిడి పెరుగుతుంది, ఒరిపిడి పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌జే డ్రమ్ములో కథ అక్కడితోనూ ఆగదు. ముందు షూ కిందికి జరుగుతూ అడ్జస్టరు ద్వారా వెనక షూను తోస్తుంది. ఆ వెనక షూ కూడా డ్రమ్ము తిరిగే దిక్కునే కదిలి, పైన యాంకర్ పిన్నుకు ఆనుకుని, మొదటి షూ కన్నా చాలా ఎక్కువ బలంతో గోడను పట్టుకుంటుంది. ఎక్కువ భారం మోసేది అది కనుకనే దానికి పొడుగు లైనరు.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. నిజం డ్రమ్ము లెక్క ఇంతకన్నా చిక్కుది గానీ, సంగతి బోధపడటానికి ఈ నమూనా చాలు. పిస్టను ఒక షూను 100 కిలోల బలంతో తోస్తోంది. లైనరుకూ ఇనుముకూ మధ్య ఘర్షణ గుణకం 0.4. షూ తనకు తాను సాయం చేసుకోకపోతే 40 కిలోల ఒరిపిడి పుడుతుంది. ఇప్పుడు, పుట్టిన ఒరిపిడికి ఒకటిన్నర రెట్లు మళ్ళీ ఒత్తిడిగా తిరిగొచ్చేలా షూ అమరి ఉందనుకోండి. ఒత్తిడి 250 కిలోలకు, ఒరిపిడి 100 కిలోలకు చేరి అక్కడ నిలుస్తుంది. అదే అమరికలో బండి వెనక్కి దొర్లుతుంటే, అంటే ఒరిపిడి షూను గోడ నుంచి దూరంగా నెడుతుంటే, దక్కేది 25 కిలోలే. ఒకే షూ, ఒకే తోపుడు, తిరిగే దిక్కును బట్టి నాలుగింతల తేడా. రెండు షూలను గొలుసుకట్టుగా పని చేయించిన ఎక్స్‌జే తరహా డ్రమ్ముకు ముందుకు పోయినా వెనక్కి పోయినా ఈ సాయం దొరుకుతుంది.

డిస్కుకు ఈ సాయం లేదు. క్యాలిపర్‌లో ప్యాడ్లు డిస్కు ప్లేటును రెండు వైపుల నుంచీ నిలువునా నొక్కుతాయి. ప్లేటు ప్యాడును లాగుతుంది గానీ ఆ లాగుడు పక్కనున్న బ్రాకెట్టు మీద పడుతుందే తప్ప ప్యాడును లోపలికి ఒత్తదు. మనం ఎంత నొక్కితే అంత. అందుకే డిస్కుకు పెద్ద పిస్టను కావాలి. ఉదాహరణకు 22 మి.మీ. వీల్ సిలిండరు పిస్టను వైశాల్యం సుమారు 380 చదరపు మి.మీ., 40 మి.మీ. క్యాలిపర్ పిస్టనుది దాదాపు 1,257, అంటే మూడు రెట్లకు పైమాటే. ఆయిల్ ఒత్తిడి రెంటికీ సమానంగా ఉన్నా, షూల మీద షూలుగా బలం పెంచుకునే డ్రమ్ము ఆ చిన్న పిస్టనుతోనే పెద్ద పిస్టను డిస్కును మించిపోగలదు. అదీ మంచి స్థితిలో, పొడిగా, చల్లగా ఉన్నప్పుడు. కాబట్టి వెనక డ్రమ్ము బలహీనమన్న మాట సరికాదు. దాని చిక్కంతా నిలకడ లేకపోవడంలోనే ఉంది.

పై నమూనాలోనే ఆ చిక్కు కనబడుతుంది. లైనరు వేడెక్కి ఘర్షణ గుణకం 0.4 నుంచి 0.3కు పడిపోయిందనుకోండి. డిస్కు ప్యాడు ఒరిపిడి 40 నుంచి 30కి తగ్గుతుంది, పాతిక శాతం. సాయం చేసుకునే షూ మాత్రం 100 నుంచి 55కు జారుతుంది, 45 శాతం. తడి తగిలినా, గ్రీజు తగిలినా, లైనరు గాజులా నునుపు తేలినా ఇదే వరస. గుణకంలో చిన్న మార్పు బ్రేకులో పెద్ద మార్పవుతుంది. పైగా రెండు వెనక చక్రాల డ్రమ్ములూ ఒకేలా తడవవు, ఒకేలా వేడెక్కవు. ఒకటి పట్టి ఒకటి వదిలితే బండి పక్కకు లాగుతుంది.

వేడికి డ్రమ్ము ఇంకో విధంగా కూడా లొంగిపోతుంది. ఇనుము వేడికి వ్యాకోచిస్తుంది. 229 మి.మీ. డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం ముప్పావు మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే గోడ షూల నుంచి దూరం జరిగిందన్నమాట. పెడల్ ఆ మేరకు ఇంకా లోపలికి పోతుంది. డిస్కు ప్లేటు కూడా వ్యాకోచిస్తుంది గానీ దాని మందం పెరిగేది ప్యాడ్ల వైపే. 10 మి.మీ. ప్లేటుకు అదే వేడికి 0.03 మి.మీ. అంతే.

అంత వేడి ఎప్పుడొస్తుంది? సాధారణంగా రాదు. సామాన్లు, మనుషులతో 1,800 కిలోలున్న బండి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే సుమారు 700 కిలోజౌళ్ళ శక్తి వేడిగా మారాలి. అందులో అయిదో వంతు వెనక బ్రేకులకు చేరిందనుకుంటే, ఒక్కోటి అయిదు కిలోలుండే రెండు డ్రమ్ముల వేడి పెరిగేది 30 డిగ్రీలే. ఒక్క ఆగుడుకు డ్రమ్ము చెక్కుచెదరదు. ఘాట్ రోడ్డు దిగుడు వేరే లెక్క. కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం ఎత్తు 4,300 మీటర్లు. దిగే దారిలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు ప్రతి బండినీ ఆపి, బ్రేకుల వేడిని పరారుణ థర్మామీటరుతో చూస్తారు. 150 డిగ్రీల ప్రాంతం దాటితే పక్కకు తీయించి చల్లారేదాకా పంపరు. శిఖరం నుంచి అక్కడికి సుమారు 800 మీటర్ల దిగుడు. మన 1,800 కిలోల బండికి అది 14 మెగాజౌళ్ళు, ఇందాకటి ఆగుడుకు ఇరవై రెట్లు. ఇంజను, గాలి ఏమీ సాయం చేయకుండా, వేడి బయటికి పోకుండా, అందులో పావు వంతు వెనక డ్రమ్ములే మోయాల్సివస్తే లెక్క ప్రకారం 700 డిగ్రీలు దాటిపోవాలి. నిజంలో అంత దూరం పోదు. పోకుండా కాపాడేది తక్కువ గేరు. తిరుమల నుంచి దిగేటప్పుడు ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. అక్కడా ఇదే గణితం, ఇదే మందు. కొండదారి జీపుల్లో అయితే ఇంజను బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ‘లో రేంజి’ గేరు ఉంటుంది. ఎక్స్‌జేల్లో ఎక్కువగా కనబడే ఎన్.పి. 231 ట్రాన్స్‌ఫర్ కేసులో ఆ నిష్పత్తి 2.72. లో రేంజి, మొదటి గేరు వేసి దిగితే బండిని పట్టి ఆపేది ఇంజనే. వేడి కోసం వెనక డిస్కులు కావాలనేవాళ్ళు ముందు ఈ లో రేంజి లివరు వాడుతున్నారో లేదో చూసుకోవాలి.

బురద సంగతి వేరు. అక్కడ డిస్కుదే పైచేయి, దాని వెనకున్న భౌతికశాస్త్రం ముచ్చటైనది. తిరిగే వస్తువు మీదున్న నీరు వెలుపలి అంచుకు ఎగదన్నుకుపోతుంది. డిస్కు మీద అయితే అంచు దాటి బయటపడుతుంది. మిగిలిన పొరను ప్యాడు అంచు గీరి పారేస్తుంది. డ్రమ్ములో వెలుపలి అంచే ఒరిపిడి గోడ. నీరు, ఒండ్రు, ఇసుక సరిగ్గా ఎక్కడ ఉండకూడదో అక్కడికే వెళ్ళి గోడకు కరుచుకుంటాయి. బయటికి పోవడానికి బ్యాకింగ్ ప్లేటుకూ డ్రమ్ముకూ మధ్య సన్నని సందు తప్ప దారి లేదు. బండి ఎంత వేగంగా పోతే అంత గట్టిగా అంటుకుంటాయి. ఆ ఇసుకే లైనరులో దిగబడి, డ్రమ్ము గోడను చాళ్ళు చాళ్ళుగా చెక్కుతుంది. లేత్ మీద పెట్టి తరిగించాలంటే దానికీ ఒక హద్దుంటుంది. డ్రమ్ము మీద పోత పోసివున్న గరిష్ఠ వ్యాసం దాటితే ఇక తుక్కుకే.

అలాగని డిస్కుకు బురద పడదనుకుంటే పొరపాటు. కప్పు లేకుండా బయటికి ఉంటుంది కనుక ఇసుక ఒండ్రులో రోజంతా నడిపితే ప్యాడ్లు చూస్తుండగానే అరిగిపోతాయి. ప్లేటుకూ వెనక రేకుకూ మధ్య గులకరాయి ఇరుక్కుంటే చెవులు మూసుకోవాల్సిందే. వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టర్లను చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పొడి బ్రేకులు ఆ బురదలో నిలవలేకనే ట్రాక్టర్లలో బ్రేకు ప్లేట్లను ఆయిల్‌లో ముంచి, హౌసింగు లోపల మూసిపెట్టే పద్ధతి వచ్చింది. బురదకు అసలైన జవాబు అదే. జీపు చక్రంలో దానికి చోటు లేదు, ఖర్చూ తట్టుకోలేం.

చరిత్రలో ఈ రెండు బ్రేకులూ దాదాపు ఒక ఈడువే. లూయీ రెనో డ్రమ్ము, ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు పేటెంటు రెండూ 1902 నాటివి. లాంచెస్టర్ వాడిన రాగి లైనర్ల కీచుమోతకు జనం చెవులు మూసుకున్నారు, డిస్కు అర్ధ శతాబ్దం మూలన పడింది. 1953లో డన్‌లప్ డిస్కులు వేసుకున్న జాగ్వార్ సీ-టైప్ లె మాన్ 24 గంటల పందెం గెలిచాక అందరి చూపూ మళ్ళీ అటు మళ్ళింది. డిస్కులు తర్వాత తర్వాత ఇంటి కార్ల ముందు చక్రాలకు వచ్చాయి. వెనకకు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. దానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు.

బ్రేకు వేయగానే బండి ముక్కు కిందికి వంగుతుంది. బరువు ముందుకు మళ్ళుతుంది. ఎంత మళ్ళుతుందో లెక్క వేయడం తేలికే. ఎక్స్‌జే వీల్‌బేస్ 2.58 మీటర్లు. 1,800 కిలోల బండిలో 810 కిలోలు వెనక చక్రాల మీద ఉన్నాయని, గురుత్వకేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందని అనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.8 వంతుతో గట్టిగా బ్రేకు వేస్తే 390 కిలోలు ముందుకు మళ్ళుతాయి. వెనక మిగిలేది 420. ఇప్పుడు ఆ బండిని కొండదారులకని మరో 10 సెంటీమీటర్లు ఎత్తించారనుకోండి. వెనక 365 కిలోలు కూడా మిగలవు, మొత్తంలో అయిదో వంతు. బండిని ఆపేది చివరికి టైరుకూ నేలకూ మధ్య పట్టే. అయిదో వంతు బరువున్న చక్రాలు అయిదో వంతుకు మించి ఆపలేవు, వాటికి ఎంత ఖరీదైన డిస్కు తగిలించినా సరే. ఆగే దూరం తగ్గాలనుకుంటే డబ్బు ముందు చక్రాల మీద పెట్టాలి.

చాలామందికి బ్రేకు చాలడం లేదనిపించడానికి అసలు కారణం ఇంకోటి ఉంటుంది. ఎక్స్‌జే మామూలు టైరు వ్యాసం 28 అంగుళాల చిల్లర. దాని చోట 33 అంగుళాల టైర్లు వేస్తే, బ్రేకు అదే మెలితిప్పుడు బలం ఇచ్చినా నేల దగ్గరికి వచ్చేసరికి 14 శాతం తగ్గిపోతుంది. బరువైన టైరును తిప్పడం కష్టమైనట్టే ఆపడమూ కష్టం. డ్రమ్ముల పాపం ఇందులో ఏమీ లేదు.

అసలు ప్రమాదం ఇంకోవైపు ఉంది. ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు పని చేయదు గానీ బండి తిన్నగానే జారుతుంది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే తోక తిరిగిపోతుంది. పొట్టిగా ఎత్తుగా ఉండే జీపులో అది బోల్తా దాకా పోవచ్చు. అందుకే కంపెనీలు ముందు చక్రాలే ముందు బిగుసుకునేలా లెక్క కట్టి, వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు పెడతాయి. ఒక హద్దు దాటాక వెనకకు పోయే ఒత్తిడిని అది అదుపు చేస్తుంది. డ్రమ్ము కోసం అమర్చిన వాల్వు డ్రమ్ము స్వభావానికి తగ్గట్టు ఉంటుంది, ఆ డ్రమ్ము తనంతట బలం పెంచుకుంటుందని దానికి "తెలుసు". డ్రమ్ము తీసి, సాయం చేసుకోని డిస్కు పెట్టి, వాల్వు మాత్రం పాతదే ఉంచితే, ఒత్తిడి ఎక్కువ కావాల్సిన డిస్కుకు తక్కువ అందుతుంది. వెనక డిస్కులు తళతళలాడుతుంటాయి, పని మాత్రం చేయవు. ఎక్స్‌జే వాళ్ళు దీనికి కనిపెట్టిన ఉపాయం, గ్రాండ్ చెరోకీ వాల్వు లోపలి స్ప్రింగు, ప్లంజరు తీసి తమ వాల్వులో వేసుకోవడం. ఇంకొందరు మర తిప్పి సర్దుకునే వాల్వు తగిలిస్తారు. ఆ మర వెనక ఒత్తిడిని తగ్గించగలదే గానీ పెంచలేదు. ఇది మరిచిపోయి మర తిప్పుతూ కూర్చునేవాళ్ళున్నారు.

ఇంతకన్నా పాత జీపుల్లో మరో తిరకాసు. నాలుగు డ్రమ్ములున్న కాలంలో మాస్టర్ సిలిండరు లోపల చిన్న వాల్వు ఒకటి పెట్టి, కాలు తీశాక కూడా లైనులో చదరపు అంగుళానికి 10 పౌన్ల ప్రాంతంలో ఒత్తిడి నిలిపేవారు. వీల్ సిలిండరు రబ్బర్లు గాలి లాక్కోకుండా ఉండటానికి అది అవసరం. షూలను వెనక్కి లాగే స్ప్రింగుల ముందు ఆ ఒత్తిడి లెక్కలోది కాదు. డిస్కుకు స్ప్రింగుల్లేవు. పిస్టను చుట్టూ ఉన్న చదరపు రబ్బరు రింగు తన మెలిక విప్పుకుంటూ పిస్టనును వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. 40 మి.మీ. పిస్టను మీద ఆ 10 పౌన్ల ఒత్తిడి దాదాపు 9 కిలోల బలం. ప్యాడ్లు ఎప్పుడూ ప్లేటును రాసుకుంటూ, కొన్ని కిలోమీటర్లు పోయేసరికి చక్రం దగ్గర కమురు కంపు మొదలవుతుంది. ఆయిల్ డబ్బా సంగతీ ఉంది. డ్రమ్ములో లైనరు అరిగినకొద్దీ అడ్జస్టరు సందు పూడుస్తుంది, కాబట్టి ఆయిల్ మట్టం పెద్దగా తగ్గదు. డిస్కులో ప్యాడు అరిగినంత మేరా పిస్టను బయటికి వచ్చి అక్కడే ఉంటుంది, వెనక చోటంతా ఆయిలే నింపాలి. పాత మాస్టర్ సిలిండరు మీదున్న చిన్న డబ్బా దానికి చాలదు.

పని చేసేటప్పుడు ఎలా ఉంటుంది? బ్యాకింగ్ ప్లేటు మార్చాలంటే యాక్సిల్ షాఫ్టు బయటికి లాగాలి. అందుకు వెనక డిఫరెన్షియల్ మూత విప్పాలి. అడుగున ట్రే పెట్టకపోతే ఆ చిక్కటి గేర్ ఆయిల్ వాసన షెడ్డును వారం దాకా వదలదు. లోపలి అడ్డు పిన్ను తీసి, షాఫ్టును లోపలికి తోస్తే, దాని కొసన గాడిలో ఉన్న ఇంగ్లీషు సీ అక్షరం ఆకారపు క్లిప్పు వదులై చేతికొస్తుంది. ఆ బొటనవేలంత ముక్కే షాఫ్టునూ చక్రాన్నీ బయటికి పోకుండా పట్టుకున్నదని చూస్తే కాస్త గుండె ఝల్లుమంటుంది. ఈ క్లిప్పు ఉన్న యాక్సిల్‌లో షాఫ్టు కొద్దిగా లోపలికీ బయటికీ ఆడుతుంది. డ్రమ్ముకు ఆ ఆట లెక్క కాదు, గోడ మీద షూ పక్కకు జారుతుంది. డిస్కు మాత్రం ఆ ఆటతో కదిలి ప్యాడును, పిస్టనును వెనక్కి నెట్టేస్తుంది. రాళ్ళదారిలో మూలలు తిరిగాక మొదటిసారి పెడల్ నొక్కితే లోతుకు పోయి, రెండోసారికి గానీ పైకి రాకపోవడానికి కారణం ఇది. సీలు నుంచి ఆయిల్ కారుతుంటే ఇప్పుడే మార్చేయాలి. డ్రమ్ము దుమ్మును మాత్రం కంప్రెసరు గాలితో ఊదకూడదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. అలా ఊదడం మన షెడ్లలో ఇప్పటికీ కనబడే అలవాటు, మానుకోవాల్సిన అలవాటు.

అందరూ తక్కువ అంచనా వేసేది హ్యాండ్‌బ్రేకును. కేబులు లాగుడు ఎంత? మనిషి చేతి బలమంత. డ్రమ్ములో ఆ కొద్ది బలాన్నే షూలు తమంతట పెంచుకుని నిటారు వాలులో కూడా బండిని నిలబెడతాయి. డిస్కు క్యాలిపర్‌లో ఆ సాయం లేదు, మరలతో లివర్లతో కష్టపడి పెంచాలి. అందుకే గ్రాండ్ చెరోకీలోనూ ఎక్స్‌ప్లోరరులోనూ కంపెనీలే ఒక రాజీకి వచ్చాయి. డిస్కు ప్లేటు నడుమ గుండ్రటి డొల్ల ఉంటుంది, అందులో హ్యాండ్‌బ్రేకు కోసమని చిట్టి డ్రమ్ము బ్రేకు. డ్రమ్ము వద్దని డిస్కు వేసుకున్నవాళ్ళ డిస్కు లోపల మళ్ళీ డ్రమ్ము! అసలు విల్లీస్ జీపులో పార్కింగ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండేదే కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండేది. డిఫరెన్షియల్ నిష్పత్తి దాని బలాన్ని పెంచేది. చిక్కేమిటంటే, వెనక చక్రాల్లో ఒకటి గాలిలో లేచిందంటే డిఫరెన్షియల్ దాన్ని వెనక్కి తిప్పుతూ బండిని దొర్లనిస్తుంది. రాళ్ళమీద చక్రం లేవడం రోజువారీ సంగతే.

బిగింపు అయ్యాక ఎయిర్ తీయడం, ప్యాడ్లను మెల్లమెల్లగా వేడి చేసి కుదుర్చుకోవడం మామూలే. వాటికన్నా ముఖ్యం, జనం లేని మట్టి మైదానంలో తక్కువ వేగంతో గట్టిగా బ్రేకు వేసి, ఏ చక్రాలు ముందు బిగుసుకుంటున్నాయో బయట నిలబడి ఇంకొకరు చూడటం. వెనకవి ముందు బిగుసుకుంటే ఆ బండి రోడ్డెక్కకూడదు.

డ్రమ్ము కాలం చెల్లిందని మాత్రం అనలేం. ఫోక్స్‌వాగన్ విద్యుత్ కార్లు ఐడీ.3, ఐడీ.4లకు వెనక డ్రమ్ములే వేసింది. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తే వెనక బ్రేకుకు పని తక్కువ, బయటికున్న డిస్కు వాడకం లేక తుప్పు పడుతుంది, మూసివున్న డ్రమ్ము పట్టదు. మన దేశంలో మారుతీ జిప్సీకి, 2020 నాటి మహీంద్రా థార్‌కు, జిమ్నీకి కూడా వెనక డ్రమ్ములే. 2024లో వచ్చిన థార్ రాక్స్‌లో కొన్ని రకాలకు కంపెనీయే వెనక డిస్కులు ఇచ్చింది. వాటి మాస్టర్ సిలిండరు, వాల్వు, ఎలక్ట్రానిక్ నియంత్రణ అన్నీ ఆ డిస్కుల లెక్క మీదే ఉంటాయి. పాత థార్‌కు ఆ భాగాలు తెచ్చి తగిలిస్తే సరిపోతుందా అని అడిగేవాళ్ళు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ సంగతి కూడా ఆలోచించాలి. ఏబీఎస్ కంప్యూటరు వెనకున్నది డ్రమ్మన్న లెక్కతోనే ఒత్తిడి పెంచుతుంది, తగ్గిస్తుంది.

పైగా ఇక్కడ చట్టం అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని సొంతంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఇలా మార్చిన బండి ప్రమాదంలో ఇరుక్కుంటే బీమా దగ్గర వాదన మొదలవుతుంది.

అడవిదారి బండి ఉన్న మనవాళ్ళకు చట్టం లోపల మిగిలే పనులు చిన్నవే. వాగు దాటిన వారంలోపు డ్రమ్ములు విప్పించి కడిగించడం, బ్యాకింగ్ ప్లేటు మీద షూలు రాసుకునే చోట్ల బ్రేకు గ్రీజు పలచగా పూయించడం, వీల్ సిలిండరు రబ్బరు తొడుగు ఎత్తి చూసి లోపల తడి కనిపిస్తే అప్పుడే మార్పించడం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అదే ప్రమాణం 155కు దిగుతుంది. దాన్ని రెండేళ్ళకోసారైనా మార్చాలి.